సత్రపట్టి రుమాళ్ళు

రాజపాళయం నుంచి తిరిగొచ్చి రెండు వారాలైంది. చూసినవి చూసినట్టు ఏ పూటకాపూట డైరీలో రాసుకున్నాను గాని, నలుగురు చదివేలా తిరగరాయడానికి మనసొప్పలేదు. చీరాలలో నన్ను కలిసినవాళ్ళంతా ఆ ఊరు ఎలా ఉంది, అక్కడ నిజంగా తెలుగు మాట్లాడతారా అని అడుగుతున్నారు. మాట్లాడతారు. ఊరు బాగుంటుంది. నేను వెళ్ళిన పనే బాగా జరగలేదు. దాన్ని కూడా కలిపి చెబితేనే ప్రయాణం చెప్పినట్టవుతుంది.

చేనేత గుడ్డ తనిఖీలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పై దేశాలకు వెళ్ళే గుడ్డను వెలుతురులో పరిచి, తప్పులు చూసి, బాగుంటే మూటకు సీలు వేయడం నా పనిగా ఉండేది. ఈ ఆషాఢంలో చెన్నై నుంచి పాత పరిచయస్తుడొకడు ఫోన్ చేశాడు. గుడ్డల ఎగుమతి వ్యాపారం అతనిది. అమెరికాలో ఒక మ్యూజియం ఉందట. ఆ దేశం ఇంకా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న కాలపు వీధిని అక్కడ మళ్ళీ కట్టి నిలబెట్టారట. ఆ వీధిలో ఒక గుడ్డల కొట్టు. ఆ రోజుల్లో అక్కడి వ్యాపారులు అమ్మిన సరుకులో మన తీరం నుంచి లండన్ మీదుగా ఓడల్లో వెళ్ళిన గుడ్డ చాలా ఉండేది. మా బందరు అద్దకాలు, మద్రాసు గళ్ళ రుమాళ్ళు అక్కడ పేరుపడ్డ సరుకు. ఇప్పుడా కొట్టు అరల్లో పెట్టడానికి, పాతకాలపు వేషాలు కట్టే ఆడవాళ్ళు తలకు చుట్టుకోవడానికి, అదే పద్ధతిలో నేసిన రుమాళ్ళు కావాలన్నారు. నీలి, చిరివేరు అనే వేరు నుంచి తీసే ఎరుపు, తెలుపు గళ్ళు. గుంట మగ్గం నేత. ఎనిమిది రుమాళ్ళు ఒకే తానుగా, కత్తెర పడకుండా పంపాలి. ఆ కాలంలో అట్లాగే వెళ్ళేవి, కొట్లో గిరాకీ ముందు కోసి అమ్మేవారు.

"ఆ నేత నేసేవాడు సత్రపట్టిలో ఒక్కడే దొరికాడండీ. ఆర్. గురుసామి. మన తెలుగే. మీరు వెళ్ళి చూసి సీలు వేస్తే ఓడకెక్కిస్తాను" అన్నాడు. సత్రపట్టి రాజపాళయం పక్క ఊరు. నేనెప్పుడూ చూడలేదు. సీలు సామాను అటక మీద నుంచి దింపుకుని బయలుదేరాను.

రైల్లో

చెన్నైలో రైలు మారాక ఎదురు బెర్తులో నలభై ఏళ్ళావిడ కూర్చుంది. నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే వింటూ ఉంది. పెట్టేయగానే, "మీది ఆంధ్రావా సార్? మాటలాడేది రేడియో మాదిరి ఉండాది" అంది. చెన్నైలో ఒక ఆస్పత్రిలో నర్సు. సెలవు మీద రాజపాళయం వెళుతోంది. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం తమిళంలో. ఎన్ని వందల ఏళ్ళ కిందట వచ్చారో ఆమెకు తెలియదు. "నాయక్కర్ల కాలంలో వచ్చినామని తాత చెప్పినాడు. ఏమిటికి వచ్చినామో చెప్పలేదు" అంది.

సత్రపట్టి వెళుతున్నానంటే నవ్వింది. "అక్కడ ఏముండాది? కట్టు గుడ్డ దానే. ఆస్పత్రిలో గాయానికి చుట్టేది. ఊరంతా అదే వేల. మా డ్యూటీ రూములో కట్ట విప్పితే మా ఊరి పేరే కనపడుతుంది." వాళ్ళ తెలుగులో వేల అంటే పని, దానే అంటే మన ‘కదా’, ‘మాత్రమే’.

నేను చూడబోయేది గళ్ళ రుమాలని, అమెరికాలో తలకు కట్టుకుంటారని చెప్పాను.

"అక్కడ అంతమందికి తలకు దెబ్బ తగిలిందా సార్?"

పై బెర్తులో పడుకున్న ముసలాయన కూడా తెలుగువాడని ఆయన నవ్వినప్పుడే తెలిసింది. ఆమె అరిటాకులో కట్టుకొచ్చిన పులుసన్నంలో సగం నాకిచ్చింది. మా వైపు పులిహోరలో పసుపు తగలకపోతే ఒప్పుకోరు. ఇది నల్లగా, వేయించిన మిరియం వాసనతో ఉంది. నీళ్ళ సీసా సగం ఖాళీ చేశాను.

రాజపాళయం

దిగేసరికి వాన పడుతోంది. వాన అనడానికి లేదు. పడమటి కొండల మీది మబ్బు గాలికి చిట్లి ఊరి మీద చల్లుతున్నట్టుంటుంది. వాళ్ళు దాన్ని సారల్ అంటారు. ఆడి నెలంతా, అంటే మన ఆషాఢం దాటేదాకా, అంతేనట. స్టేషను బయట గొడుగు విప్పగానే గాలికి తిరగబడి రెండు చువ్వలు విరిగాయి. ఆటో అతను దాన్ని చూసి, "ఆడి గాలి సార్, గొడుగు పట్టేవాళ్ళు కొత్తవాళ్ళు" అని తమిళంలో చెప్పాడు.

లాడ్జి కింద హోటల్లో ఇడ్లీ తిన్నాను. నాలుగు రకాల చట్నీ పోశారు, అడగకుండానే మళ్ళీ మళ్ళీ పోశారు. మా ఊళ్ళో రెండోసారి చట్నీ అడిగితే సర్వరు ముఖం చూసే చూపు వేరు. టీ పదిహేను. ఆషాఢం తగ్గింపు బోర్డులు మాకున్నట్టే బజారంతా ఉన్నాయి. ఆడి నెలలో పెళ్ళి చేయరు, గృహప్రవేశం చేయరు, కొత్త పని మొదలుపెట్టరు. గుడ్డలు మాత్రం తొక్కిసలాడి కొంటారు. అంత జనంలోనూ చేత్తో నేసిన చీర ఎవరి సంచిలోనూ కనబడలేదు. చూడటం నాకు ఉద్యోగపు అలవాటు.

ఊరిది పత్తి వాసన. మిల్లు సైరను మోగితే రోడ్డు మీద మనుషులు మారిపోతారు. ఒక గుంపు లోపలికి, ఒక గుంపు బయటికి. బయటికొచ్చినవాళ్ళ కనుబొమల మీద తెల్లటి నూగు. కొండలు ఎప్పుడు కనబడతాయని లాడ్జి గుమాస్తాను అడిగితే, "ఐప్పసి అయిపోనీ సార్" అన్నాడు. అంటే కార్తికం దాకా ఆగాలన్నమాట.

సత్రపట్టి

బస్సు దిగకముందే ఊరు చెవులకు తెలుస్తుంది. ప్రతి ఇంట్లో కరెంటు మగ్గాలు. వీధిలో ఎదురుపడ్డ ఇద్దరు మనుషులు అరుచుకుంటుంటే తగవనుకున్నాను. పలకరింపేనట. గుమ్మాల్లోంచి చూస్తే లోపలంతా తెల్లటి పలచని గుడ్డ, అవతలి మనిషి కనబడేంత వదులు నేత. అటువంటి గుడ్డను నా రోజుల్లో ఎవరైనా తెస్తే బల్ల మీద పరచనిచ్చేవాణ్ణి కాదు. గాయానికి అదే కావాలి.

గురుసామి ఇల్లు వీధి చివర. యాభై ఐదేళ్ళుంటాయి. బక్కపలచగా, నడుము దగ్గర వంగి ఉన్నాడు. గుంటలో కూర్చున్నప్పుడు మాత్రం నిటారుగా ఉంటాడు. ముందు గదిలో మగ్గం. భార్య పోయింది. తల్లి వీరమ్మకు ఎనభై దాటాయి. తమ్ముడు సుబ్బు ఇంకొకరి షెడ్డులో కరెంటు మగ్గాల మీద పనిచేస్తాడు. ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ.

నేను కూర్చోగానే సుబ్బు విషయం దాచకుండా చెప్పేశాడు. "సార్, ఈ గదిలో రెండు పవర్ తరి వేసేదానికి నేను లోన్ రాయించినాను. గుంట పూడిస్తే దానే అవి నిలుచును. అన్న కొంజం ఆగమన్నాడు, ఆగినాను. ఈ అమెరికా గుడ్డ బాగుండాదని మీరు ముద్ర వేస్తే ఏడాదేడాదికి ఆర్డర్ వస్తుందని చెప్పినారు. వస్తే తరి ఉండనీ, నేను వేరే చోటు చూసుకుంటాను. లేకుంటే ఆడి దాటినాక ఆవణిలో నా తరి దిగుతుంది."

"కరెంటు మగ్గాలు దిగితే మీ అన్న?"

"నా దగ్గరే వేల చేయనీ. కరెంటు తరి చూసుకునేది ఏం కష్టం? దారం తెగితే ముడి వేసేది దానే."

గురుసామి పేక నడిపే నాడె చేతిలో పట్టుకుని నేలచూపులు చూశాడు. "నాకు ఆ సద్దం పడదయ్యా" అన్నాడు, అంతే. ఆ చప్పుడులో పని చేస్తే అతనికి తల తిరిగి పడిపోతాడని తరవాత సుబ్బే చెప్పాడు. రెండుసార్లు పడ్డాడట. కాబట్టి గుంట పూడిస్తే మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ పని ఒక్కటే మిగులుతుంది. ఇంతకన్నా వివరం నేనడగలేదు.

తాన్లు తెచ్చి చాప మీద పరిచారు. నేను కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాను. అంచు చూశాను, గళ్ళు కొలిచాను, పేక సమంగా పడిందో లేదో వేలితో తడిమి చూశాను. ఎక్కడా తప్పు లేదు. రుమాలుకీ రుమాలుకీ మధ్య కోత కోసం వదిలిన గీత కూడా ఒకే వెడల్పు. ఎరుపు లోతుగా ఉంది, నీలి చల్లగా ఉంది. చిన్నప్పుడు మా వీధిలో అలాంటి గుడ్డ చూశాను, ఆ తరవాత చూడలేదు. బాగుందన్నాను. సుబ్బు అన్న వీపు మీద ఒకటి చరిచాడు. "విన్నావా? ఇంగ నా లోన్ నీ తల మీద" అన్నాడు. తన గది పోయిందన్న బాధేమీ అతనిలో కనబడలేదు.

చూసిన రోజునే సీలు వేయడం నా పద్ధతి కాదు. గుడ్డ ఒక రాత్రి మడతలో ఉండాలి. మర్నాడు పొద్దుటి వెలుతురులో మళ్ళీ విప్పితే, మొదటిరోజు కంటికి దొరకనిది దొరుకుతుంది. ఉద్యోగమంతా అట్లాగే చేశాను. రేపొచ్చి వేస్తానని చెప్పి సామాను సర్దుకున్నాను.

వీరమ్మ అప్పటిదాకా గడప పక్కన కూర్చుని అన్నీ వింటోంది. "ఇది ఎవురు కట్టుకునేది నాయనా?" అని అడిగింది.

"ఇప్పుడు వేషానికి కట్టుకుంటారమ్మా. ఆ కాలంలో నిజంగానే కట్టుకున్నారు. ఆ కొట్లలో దొరలూ కొన్నారు, దొరసానులూ కొన్నారు. తలకు చుట్టుకున్నవాళ్ళలో మాత్రం నల్లవాళ్ళ ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళను ఓడల్లో పట్టుకొచ్చి అమ్మేవారు. యజమాని ఇచ్చిన గుడ్డ కట్టుకుని చేలో పని చేసేవాళ్ళు."

"మనుషులనా అమ్మేది?"

"మనుషుల్నే."

"గుడ్డ అమ్మేవాళ్ళేనా?"

"కొందరు రెండూ చేశారు. మన గుడ్డ ఇచ్చి మనుషుల్ని కొన్నవాళ్ళూ ఉన్నారు."

వీరమ్మ అత్త, ఆ అత్తకు అత్త కూడా ఇదే గళ్ళు నేసినవాళ్ళట. ఆ గుడ్డ కూడా అక్కడికే పోయి ఉంటుందా అని అడిగింది. తెలియదన్నాను. తరవాత, "వాళ్ళకు ఎవురన్నా పసుపు పెట్టి ఇచ్చినారా?" అంది.

నాకు వెంటనే అందలేదు. కొత్త గుడ్డ కట్టే ముందు ఒక మూల పసుపు రాయడం మా ఇళ్ళలోనూ ఉంది. "వాళ్ళకు ఆ అలవాటు లేదమ్మా. ఉన్నా పెట్టేవాళ్ళెవరుంటారు" అన్నాను. బస్సు హారను వినిపిస్తే లేచాను.

చోళపురం

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే ఆకాశం బూడిదలా ఉంది. గదిలో లైటు వేస్తే గాని గోడ కనబడలేదు. ఆ వెలుతురులో గుడ్డ చూడకూడదు. గురుసామికి ఫోన్ చేసి ఇంకొక రోజు ఆగుదామన్నాను. "సరి అయ్యా, మీరు చెప్పినట్ల" అన్నాడు. ఊరికే కూర్చోలేక, అతనికి నూలుకు రంగు వేసి ఇచ్చిన మనిషిని చూడ్డానికి చోళపురం వెళ్ళాను.

రంగు వేసే ఆయన పేరు ఎ. దేవసగాయం. క్రైస్తవులు, ఇంట్లో మాట తెలుగు. రంగు పని ఏడాదిలో ఏ కొద్ది రోజులో. మిగతా కాలమంతా ఇతరుల చేలో కూలి. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. "పెండ్లికి చూసేదానికి వచ్చినవాళ్ళు ఈ చేతులు చూసి వెళ్ళిపోయినారు సార్. తరవాత వచ్చినావిడకు కండ్లు సరిగా కనపడవు, అందుకని కుదిరింది" అన్నాడు. లోపల్నుంచి భార్య, "కండ్లు కనపడకనే ఈ ఇంటికి వచ్చినాను" అంది.

చిరివేరు ఎరుపు గురించి అడిగాను. ఉడకబెట్టడం ఒక ఎత్తు, ఎండబెట్టడం ఒక ఎత్తన్నాడు. నూలును తడుపుతూ ఎండలో పెడుతూ వారాల తరబడి కూర్చోవాలి. "ఈ ఆడిలో నన్ను ఎరుపు అడిగితే నేను యాడికి పోయేది? మాసి, పంగుని ఎండలో వేసిందే మీరు చూసినది. ఇంగ మళ్ళా ఎండలు వస్తే దానే."

మధ్యాహ్నం అమ్మవారి గుడి దగ్గర పెద్ద పెద్ద గుండిగల్లో సజ్జ గంజి కాచి వచ్చినవాళ్ళందరికీ పోస్తున్నారు. కూళు అంటారు. మన అంబలి లాంటిదే. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగాలి. దేవసగాయం కూడా నాతో వరసలో నిలబడి గ్లాసు పట్టాడు. మా వైపయితే చర్చికి వెళ్ళేవాళ్ళు జాతర గంజి తాగరేమో అన్నాను. "ఆకలి ఏ గుడిది సార్" అని ఆయన మూతి తుడుచుకున్నాడు. ఆ గంజి కడుపులో చల్లగా ఉంది. ఈ ప్రయాణంలో నేను నిశ్చింతగా గడిపిన పూట అదొక్కటే.

మళ్ళీ సత్రపట్టి

ఆ మర్నాడు మబ్బు పలచబడింది. ఎండ రాలేదు గాని, గుడ్డ చూడ్డానికి చాలినంత వెలుతురు. మొదటి బస్సుకే వెళ్ళాను.

గురుసామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గాని లోపలికి రమ్మనలేదు. వీరమ్మే గుమ్మంలోకి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, సంతోషంగా ఉంది.

"అన్నిటికీ పెట్టినాను నాయనా. ఒక్కటీ విడవలేదు."

తాన్లన్నీ చాప మీద ఉన్నాయి. ప్రతి రుమాలుకీ ఒక మూల, తెల్లటి గడిలో, బొటనవేలంత పసుపు మచ్చ. తడి పసుపు నూలులోకి దిగి ఆరిపోయింది. ముందురోజు, నేను రానని తెలిశాక, కొడుకు కిరాణా కొట్టుకు వెళ్ళిన గంటలో చేసిందట.

"తానుకు ఒక మూల పెడితే చాలేది గదమ్మా" అన్నాను.

"తాను ఒకటే అయితే ఏమి? కట్టుకునేవాళ్ళు ఎనిమిది మంది గదా. ఒకరికి పెట్టి ఏడుగురిని విడిచేనా? అప్పటివాళ్ళకు ఎవురూ పెట్టలేదని నువ్వు దానే చెప్పితివి. వీళ్ళన్నా పెట్టింది కట్టుకోనీ."

గురుసామి ఒక తానును విడిగా చూపించాడు. మచ్చ పోతుందేమోనని ఒక మూల సబ్బు రాశాడట. పసుపు ఎర్రగా మారి, గోటితో గీరిన పుండులా అయింది. పక్కనున్న నీలి కూడా కరిగి తెల్లగడిలోకి పాకింది. ఆ తరవాత మిగతావాటిని ముట్టుకోలేదు.

పసుపుకు మందు ఎండే. నాలుగు మంచి ఎండలు తగిలితే ఎగిరిపోతుంది. నేనా మాట అనగానే ముగ్గురం ఒకేసారి వాకిలి వైపు చూశాం. బయట సన్నగా సారల్ మొదలైంది.

సుబ్బు షెడ్డు నుంచి వచ్చాడు. చాప చూశాడు, తల్లిని చూశాడు. నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "సార్, మచ్చ లోపలికి పోయేటట్ల మడిచి ముద్ర వేసేయండి. అక్కడ విప్పినప్పుడు చూసుకోనీ. మీరు ఇంటికి పోయి ఉంటారు, మాకు డబ్బు వచ్చి ఉంటుంది."

గది తనకు రావాలంటే నోరు మూసుకుంటే చాలు. అయినా ఆ మాట అతనే అన్నాడు.

"రేయ్ సుబ్బు, వద్దురా" అన్నాడు గురుసామి. "అక్కడ విప్పి, ఇది ఎవురు చేసినారని అడిగితే అమ్మ పేరు చెప్పాల. వద్దు."

నేను సీలు సామాను సంచిలోంచి తీయలేదు. తీయనని వాళ్ళకు నోటితో చెప్పాల్సిన పని కూడా పడలేదు. మొదటిరోజే వేసి ఉంటే మూట అప్పుడే ఇల్లు దాటేది. ఆ సంగతి గురుసామికి తట్టకుండా ఉండదు. ఎత్తలేదు.

చెన్నైకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోటోలు పంపించాను. ఇది మరకగా చూడొద్దని, ఈ ప్రాంతంలో కొత్త గుడ్డ ఇచ్చే పద్ధతే ఇదని, ఇలా ఎందుకు పెట్టారో కాగితం రాసి తానుతో పాటు పంపుదామని అన్నాను. అతను ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పేది నాకు తెలుస్తుందండీ. మా ఇంట్లోనూ పెడతారు. వాళ్ళకు పంపి చూస్తాను" అన్నాడు. మళ్ళీ నేయించడానికి గడువు ఉందా అని అడిగాను. ఓడ ఈ నెలాఖరుకే. ఎర్ర నూలు అయిపోయింది. మళ్ళీ వేయాలంటే ఎండాకాలం రావాలి.

మంసాపురం

జవాబు వచ్చేదాకా చేయడానికేమీ లేదు. మర్నాడు పొద్దున శ్రీవిల్లిపుత్తూరు వైపు బస్సెక్కి, ఏ ఊరో చూడకుండా మంసాపురంలో దిగాను. వరి మళ్ళు, కొబ్బరి తోటలు, గట్ల మీద తడిసిన కొంగలు. టీ కొట్టు దగ్గర ఒక రైతు నా తెలుగు విని బెంచీ మీద చోటిచ్చాడు. మా వైపు ఎకరాకు ఎన్ని బస్తాలు పండుతుందని అడిగాడు. నాకు పొలం లేదు, తెలియదన్నాను. "పొలం లేని ఆంధ్రావాళ్ళు కూడా ఉండారా" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఫోన్ అక్కడే వచ్చింది. మ్యూజియంవాళ్ళు కుదరదన్నారు. కథ బాగుంది, పెద్దావిడకు నమస్కారాలు చెప్పమన్నారు. కాని వాళ్ళ దగ్గరున్న పాత ముక్కకూ దీనికీ తేడా ఉంది, అరలో పెడితే పసుపు పక్క గుడ్డకు అంటుకుంటుంది. గడువు లేదు కాబట్టి ఈసారికి మిల్లులో ఆ గళ్ళు అచ్చు వేయించుకుంటారట. అవి బాగా కుదిరితే ఇకమీదట కూడా అవే.

"గురుసామికి మీరు చెప్తారా, నేను చెప్పనా?" అన్నాడు.

నేనే చెబుతానన్నాను. రైతు నా ముఖం చూసి ఇంకొక టీ చెప్పాడు. దానికి నన్ను డబ్బు ఇవ్వనివ్వలేదు.

ఆఖరి రోజు

మంసాపురం నుంచి తిరిగొచ్చి నేను చెప్పినప్పుడు గురుసామి "సరి అయ్యా" అన్నాడు. వాయిదా వేసిన రోజు ఫోన్‌లో అన్నట్టే అన్నాడు. సుబ్బుకే కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక తల్లి మీదికి పోయాడు.

"నీ పసుపుకు తరి పోయింది, తెలుసునా? కొడుకును గేటు కాడ కూర్చోబెట్టినావు."

వీరమ్మకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మూటలు నేను తీసుకెళ్ళడానికే వచ్చాననుకుంటోంది. ఆమె సుబ్బును, నన్ను, చాప మీది తాన్లను వరసగా చూసింది. "పెట్టకుండా ఎట్ల పంపేది" అంది మెల్లగా. మళ్ళీ అదే మాట అంది. సుబ్బు బయటికి పోయి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆడి నెలలో కొత్త మగ్గం దింపరు. గుంట పూడ్చడానికి మాత్రం ఆడి అడ్డం కాదట, అది మొదలుపెట్టే పని కాదు గనక. తడిసిన మట్టి దిమ్మిస కొడితే బాగా కూర్చుంటుంది, ఇప్పుడే పూడిస్తే ఆవణికి నేల గట్టిపడుతుందని వీధిలోవాళ్ళు సలహా ఇచ్చారు. నేను బయలుదేరే రోజు పొద్దున్నే వాకిట్లో మట్టి గుట్ట పోసి ఉంది. సెలవు చెప్పి పోదామని వెళ్ళినవాణ్ణి, ఉండిపోయాను.

మగ్గం మీద కొద్దిగా పడుగు మిగిలి ఉంది. ఒక రుమాలుకు వస్తుంది. గురుసామి తమ్ముణ్ణి అడిగాడు. "ఇది తీసేదానికి మనసు రాలేదు. నేసేస్తాను. ఆగుతావా?"

"ఎంతసేపన్నా ఆగుతాను అన్నా. నేసుకో" అన్నాడు సుబ్బు.

గుంటలోకి దిగి కూర్చున్నాడు. నాడె అటూ ఇటూ పోతుంటే వీధిలోని కరెంటు మగ్గాల మోతలో ఆ చప్పుడు దగ్గర కూర్చున్న నాకే సరిగా వినబడలేదు. అతను తొందరపడలేదు. అంచు దగ్గర ఒకచోట దారం తెగితే విప్పి, ముడి కనబడకుండా కలిపాడు. ఆ గుడ్డను ఇక ఎవరూ తనిఖీ చేయరని అతనికి తెలుసు. నేను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

అయ్యాక కోసి, దులిపి, రెండు చేతులతో పట్టుకుని తల్లి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది.

"అమ్మా, పసుపు పెట్టు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇది యాడికీ పోయేది కాదమ్మా. నేను కట్టుకునేది. పెట్టు."

"వద్దు" అంది వీరమ్మ. రెండు చేతులూ కొంగులో పెట్టుకుంది. "నా చెయ్యి వద్దు నాయనా."

సుబ్బు వచ్చి, "పెట్టమ్మా, నేను నోటికి వచ్చింది చెప్పినాను, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. ఆమె కొంగు విప్పలేదు. గురుసామి గుడ్డ మడిచి, మూల చూడకుండా, గూట్లో పెట్టాడు. తరవాత మళ్ళీ గుంటలోకి దిగి తొక్కుడు చెక్కలు ఊడదీసి ఒకటొకటి పైకి అందించాడు. ఇంకేమీ మిగలలేదని చూసుకుని చెయ్యి పైకి చాచాడు. సుబ్బు వంగి లాగాడు.

నా బస్సుకు వేళైంది. వీరమ్మకు చెప్పి బయలుదేరుదామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుని ఉంది. పిలవలేదు. వీధిలో నాలుగిళ్ళు దాటేసరికి వెనక మొదటి తట్ట మట్టి గుంటలో పడింది. అంత మోతలోనూ అది వినబడింది.